వెట్టి నుంచి మస్టరు దాకా



యాసంగి కోతలు ముగిసి, సాగర్ ఎడమ కాలువ బంద్ అయ్యాక హుజూర్‌నగర్ చుట్టుపక్కల పల్లెల్లో కూలి మనిషికి ఒక ఖాళీ కాలం వస్తుంది. వడ్లు కొనుగోలు కేంద్రాల్లో కుప్పలు పడి ఉంటాయి, మిల్లుల ముందు లారీలు వరస కట్టి ఉంటాయి. ఆ సందడిలో హమాలీలకు పనుంటుంది తప్ప మిగతావాళ్లకు ఉండదు. వానాకాలం నాట్లు మొదలయ్యే దాకా పొలం ఎవరినీ పిలవదు. ఆ రోజుల్లో పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఆడవాళ్లు తట్టలు, పారలు పట్టుకుని చెరువు శిఖం వైపు గుంపుగా నడుస్తూ కనిపిస్తారు. "ఎటు పోతున్నరక్కా" అంటే "కరువు పనికి" అంటారు.

ఉపాధి హామీ పనికి మన పల్లెల్లో ఉన్న పేరు అది. ఆ పని గురించి, దానికి ముందున్న పాత కథ గురించి ఇవాళ మాట్లాడతాను. మధ్యలో అమెరికా కూడా వస్తుంది. ఎందుకు వస్తుందో మీకే తెలుస్తుంది.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్టు కుప్పకూలింది. 1933 నాటికి ఆ దేశంలో పని చేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. ఆ ఏడాది మార్చిలో అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నెల తిరక్కుండానే పెళ్లికాని కుర్రాళ్లకు అడవి పనులు పెట్టే చట్టం తెచ్చాడు. మొక్కలు నాటడం, మంటలు పాకకుండా బాటలు కొట్టడం, నేల కోసుకుపోకుండా కట్టలు వేయడం. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 డాలర్లు ఇంటికి పంపాలి. 1935లో మరో పెద్ద కార్యక్రమం మొదలైంది. డబ్ల్యూపీఏ అని మూడక్షరాల పేరు. దాన్ని నడిపినవాడు హారీ హాప్కిన్స్. ఊరికే డబ్బిస్తే ప్రాణం నిలుస్తుంది గానీ మనిషి లోలోపల కుంగిపోతాడు, పని పెట్టి కూలి ఇస్తే ప్రాణమూ మానమూ రెండూ నిలుస్తాయి అని ఆయన వాదన. 1943లో మూతపడే దాకా ఆ ఎనిమిదేళ్లలో దాదాపు 85 లక్షల మంది ఆ కార్యక్రమంలో ఎప్పుడో ఒకప్పుడు కూలి అందుకున్నారు. 6 లక్షల మైళ్లకు పైగా రోడ్లు, 75 వేలకు పైగా వంతెనలు, లక్షకు పైగా బడులు, ఆసుపత్రులు, ఆఫీసు భవనాలు కట్టారు, లేదా బాగు చేశారు. రాసేవాళ్లకు రాత పని, బొమ్మలు వేసేవాళ్లకు గోడల మీద బొమ్మల పని ఇచ్చారు. అప్పటికి బతికున్న పాత నల్లజాతి బానిసల దగ్గరికి వెళ్లి, రెండు వేల మందికి పైగా చెప్పిన జీవితకథలను ఆ రాతగాళ్లే రాసిపెట్టారు. అది కూడా కరువు పనే.

ఎగతాళి మాత్రం తప్పలేదు. పారకు ఆనుకుని నిలబడి పొగ తాగే కూలీ బొమ్మ ఆనాటి అమెరికా పత్రికల్లో మామూలు. ఆ మూడక్షరాలకు కాలక్షేపం అన్న అర్థం వచ్చేలా మారుపేర్లు పెట్టి నవ్వేవాళ్లు. మన దగ్గర హోటళ్ల ముందు బెంచీల మీద కూర్చుని "ఉపాధి పనికి పోయి చెట్టు కింద కూసుంటరు" అనేవాళ్లు వినిపించినప్పుడల్లా నాకు ఆ కార్టూన్లే గుర్తొస్తాయి. సముద్రాలు వేరైనా, చెమట పట్టనివాళ్ల నవ్వు ఒకటే.

సరే, అవే సంవత్సరాల్లో, అంటే 1930ల్లో, మన హుజూర్‌నగర్ తాలూకాలో ఏం జరుగుతుండేది?

ఆ మాంద్యం మనల్ని తాకలేదనుకోవద్దు. నల్లగొండ అప్పటికి ఆముదాల జిల్లా. చెల్క నేలల్లో వానకు పండే ఆ గింజ మీదే రైతు నగదు చూసేవాడు. హైదరాబాదు రాజ్యం ఆముదాల పంటకు దేశంలో పెట్టింది పేరు. ఆ సరుకు బొంబాయి రేవు నుంచి సముద్రం దాటి పోయేది. అక్కడ ఫ్యాక్టరీలు మూతపడితే ఇక్కడ బస్తా ధర పడింది. వడ్ల ధర, పల్లీల ధర కూడా అదే దారిన దిగజారాయి. ధర పడింది గానీ శిస్తు పడలేదు. శిస్తు నగదుగానే కట్టాలి. అప్పు తెచ్చి కట్టాలి. అప్పు తీర్చలేకపోతే భూమి పోవాలి. సాహుకార్ల పేర, దేశ్‌ముఖ్‌ల పేర అలా పట్టాలు మారిన భూములు ఎన్నో. పదిహేనేళ్ల తరువాత, 1946లో, సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు తెలంగాణ సాయుధ పోరాటంలో నడిమధ్యన ఎందుకు నిలిచాయో అర్థం కావాలంటే ఈ ముప్పైల నుంచే చదువుకుంటూ రావాలి.

రాజ్యంలో కట్టడాలు లేవని కాదు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ చేసిన పని అది. గొప్ప ఇంజనీరు, అందులో సందేహం లేదు. ఆయన పుట్టినరోజు జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకోవడం సబబే. కానీ నిజాంసాగర్ ఆదాయం కోసం కట్టింది. ఆకలిగొన్నవాడికి పని ఇవ్వాలని కట్టింది కాదు. నల్లగొండ పల్లెలో ఆ కాలంలో సర్కారు మనిషి వచ్చి "పనికి రా" అన్నాడంటే కూలి ఇస్తాడని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. అది వెట్టి.

ఇప్పటి పిల్లలకు వెట్టి అనేది పాఠ్యపుస్తకంలో ఒక పేరా. నడిచిన తీరు చూడండి. గిర్దావరో, తహసీల్దారో, పోలీసు అమీనో ఊళ్లో దిగాడంటే కబురు ముందే వచ్చేది. మాల మాదిగ ఇళ్లలో ఇంటికొక మనిషి చావడి దగ్గరికి రావాలి. కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి, గుర్రానికి గడ్డి కోయాలి, సామాను తల మీద పెట్టుకుని పక్క ఊరి దాకా దింపి రావాలి. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి పక్క వేయాలి, గొల్ల మేకను పట్టుకురావాలి, రైతు బండి కట్టాలి. ఊరి నుంచి తాలూకా కచేరీకి కాగితం పోవాలన్నా వెట్టివాడి కాళ్ల మీదే. దొర గడికి మన్ను కొట్టినా, దొర బావికి పూడిక తీసినా అంతే. నాట్లు పడాల్సిన రోజున దొర పొలంలో నాటు పడ్డాకే తన పొలం. అంత పని జరిగింది, అన్ని గోడలు లేచాయి, కానీ ఏ పుస్తకంలోనూ ఒక్క కూలీ పేరు రాయలేదు. కూలి ఇవ్వకపోతే పేరు రాయాల్సిన అవసరమేముంది?

చట్టం లేకనా? ఉంది. వెట్టి వద్దని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. అప్పుకు తాకట్టు పడి తరతరాలుగా చాకిరీ చేసే భాగేలాల గురించి 1936లో ఒక కట్టడి కూడా వచ్చింది. పట్వారీ చేతికొచ్చిన ఉత్తర్వు పట్వారీ పెట్టెలోనే ఉండిపోయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మరుసటి ఏడు రెండో సభ మన నల్లగొండ జిల్లా దేవరకొండలోనే, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన. ఆ సభలు వెట్టి మాట ఎత్తాయి. అప్పట్లో ఆ మాట ఎత్తడమే సాహసం.

ఇప్పుడు రెండు దృశ్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే దశాబ్దం. అక్కడ సర్కారు పనిలేనివాడి పేరు రాసుకుని, పారిచ్చి, చేతిలో చెక్కు పెట్టింది. ఇక్కడ సర్కారు ఎవరి పేరూ రాయకుండా పని చేయించుకుంది. సహాయ పనుల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఏం కట్టారని అడుగుతారు. నాకు మాత్రం ముందు అడగాల్సింది ఎవరి పేరు రాశారు, ఎంత రాశారు అన్నదే అనిపిస్తుంది.

అమెరికాను చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. ఆ కుర్రాళ్ల అడవి పనుల్లో ఆడపిల్లలకు చోటు లేదు. డబ్ల్యూపీఏలో ఇంటికొకరికే పని, ఆ ఒకరు చాలావరకు మగవాడే. నల్లవాళ్ల క్యాంపులు వేరు. మన కరువు పనికి వచ్చేవాళ్లలో సగం కంటే ఎక్కువ ఆడవాళ్లే. ఈ ఒక్క లెక్కలో హుజూర్‌నగర్ న్యూయార్క్ కంటే ముందుంది.

ఇంకాస్త వెనక్కి పోతే, కూలి లెక్క రాసే కరువు పని మనకు కృష్ణ అవతలి నుంచి వచ్చింది. మఠంపల్లి మండలం మట్టపల్లిలో నరసింహస్వామి గుడి మెట్ల మీద నిలబడితే అవతలి ఒడ్డు పల్నాడు. అప్పట్లో అది ఈస్టిండియా కుంఫిణీ ఏలుబడి, ఇవతలిది నిజాం ఏలుబడి. నందన నామ సంవత్సరపు కరువులో, అంటే 1833 ప్రాంతంలో, గుంటూరు సీమలో ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయారని చరిత్రకారుల లెక్క. జనం పోతే శిస్తూ పోతుందని ఇంగ్లీషు దొరలకు బోధపడింది. బెజవాడ ఆనకట్ట ఆలోచనకు బలం ఆ శవాల నుంచే వచ్చింది. 1855 నాటికి అది పూర్తయింది. ఆ తరువాత 1876 నుంచి 78 దాకా ధాత కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది పనుల మీదికి వచ్చారు. చెరువులు తవ్వారు, కంకర కొట్టారు, రోడ్లు వేశారు. మద్రాసు నగరంలో అడయారు నదికీ కూవం నదికీ మధ్య ఎనిమిది కిలోమీటర్ల కాలువను ఆ కరువు కూలీలే తవ్వారు. అప్పటి గవర్నరు పేరుతో అది బకింగ్‌హాం కాలువైంది. మన పెద్దగంజాం నుంచి తమిళనాడు మరక్కాణం దాకా తీరం వెంట సాగే కాలువలో అది ఒక ముక్క.

కూలి ఎంతో చూడాలి. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి దిగాడు, ఖర్చు తగ్గించడానికి. రోజంతా పని చేసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని తేల్చాడు. పౌను అంటే అర కిలో కంటే తక్కువే. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకన్నా కోత. మద్రాసులో ప్రజారోగ్యం చూసే డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఆ తిండితో మట్టి మోసే మనిషి బతకడని గణాంకాలు పెట్టి పోట్లాడాడు. చివరికి కూలి పెంచారు, కానీ అప్పటికే చాలామంది ఆ గట్ల పక్కనే రాలిపోయారు. 1880లో కరువు కమిషను నివేదిక వచ్చింది, దాని వెనకే 1883లో కరువు నిబంధనావళి వచ్చింది. కరువు మొదలైందని ఎలా గుర్తుపట్టాలి, ముందుగా చిన్న పనులు పెట్టి ఎంతమంది వస్తారో ఎలా చూడాలి, మనిషికి ఎంత మట్టి పని, దానికెంత కూలి, పని చేయలేని ముసలివాళ్లకు, గర్భిణులకు ఏం చేయాలి, అన్నీ అందులో రాశారు. పేదల మీద ప్రేమతో రాసింది కాదు. అయినా రాసి పెట్టారు. రాసింది ఉంటే దాన్ని చూపించి అడగవచ్చు.

ఆ తరువాత మన ప్రాంతాన్ని నిజంగా మార్చిన కట్టడం నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మన వైపు కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు గానీ ఊళ్లలో అందరికీ అది ఎడమ కాలువే. ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతితో కట్టారు. సిమెంటు కొరత, విదేశీ యంత్రాలకు డబ్బు కొరత, చేతులకు కొరత లేదు. 120 మీటర్లు దాటిన ఎత్తుకు రాయి మీద రాయి పేర్చారు. వరసలుగా కట్టిన సారవల మీద కావళ్లతో రాళ్లు మోస్తున్న మనుషుల ఫోటోలు మీరు చూసే ఉంటారు. చీమల బారు లాగా కనిపిస్తారు, ఒక్క ముఖమూ గుర్తుపట్టలేం.

అది కరువు పని కాదు, ప్రణాళికా పని. కానీ చేతులు మాత్రం కరువు సీమవే. పాలమూరు లేబరు అన్న పేరు అప్పటికే దేశమంతా తెలుసు. నారాయణపేట, మక్తల్, అచ్చంపేట పల్లెల నుంచి గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనుషులను కుదుర్చుకునేవాడు. ఆ అడ్వాన్సు తీరే దాకా వాళ్లు మేస్త్రీ మనుషులు. సర్కారు పుస్తకంలో కాంట్రాక్టరు పేరుంటుంది, కాంట్రాక్టరు పుస్తకంలో మేస్త్రీ పేరుంటుంది, కూలీ లెక్క మేస్త్రీ జ్ఞాపకంలో ఉంటుంది. ఆ జ్ఞాపకం ఎప్పుడూ మేస్త్రీకి అనుకూలంగానే పనిచేసేది. వెట్టి పోయింది, కూలి వచ్చింది, కానీ లెక్క ఇంకా కూలీ చేతికి రాలేదు. ఎడమ కాలువ కింద ఇవాళ రెండు కార్లు వరి పండించుకుంటున్న హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ రైతులం, నీళ్లు తెచ్చిన నాయకుల పేర్లు చెప్పుకుంటాం. నీళ్లు ఎక్కని పాలమూరు నుంచి వచ్చి మనకు నీళ్లు ఎక్కించిన వాళ్లను ఎవరూ తలచుకోరు. ఇది చెప్పకుండా ముందుకు పోలేకపోయాను, క్షమించండి.

1972 కరువులో మహారాష్ట్ర కథను ఒక మలుపు తిప్పింది. అడిగినవాడికి పని ఇచ్చి తీరాలన్నది పథకంగా మొదలై 1977లో చట్టమైంది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో 2001 తరువాత పనికి ఆహారం పేర పెద్దఎత్తున బియ్యం దిగాయి. దాని గురించి ఎక్కువ చెప్పను. పొక్లెయిన్లతో రాత్రికి రాత్రి పనులు చేయించి, కాగితం మీద కూలీల పేర్లు రాసి, బియ్యాన్ని మళ్లీ మిల్లులకే తోలారన్న ఆరోపణలు అప్పటి పేపర్ల నిండా ఉన్నాయి. వెట్టి కాలంలో పని ఉండి పేరు లేదు. ఇక్కడ పేరు ఉండి పని లేదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం ఈ రెండింటికీ జవాబుగా రాసినట్టుంటుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని మొదలుపెట్టారు. మొదటి విడత 200 జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. ఆ చట్టం ఏడాదికి ఇంటికి 100 రోజుల పని ఇవ్వాలంది. అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి, లేకపోతే భృతి ఇవ్వాలి. కాంట్రాక్టరు వద్దు. కూలీల పని లాగేసుకునే యంత్రం వద్దు. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, కొలతల పుస్తకం ఎవరడిగినా చూపించాలి. ఊరి సభలో సామాజిక తనిఖీ చేయాలి. మొదట్లో మన రాష్ట్రంలో రోజుకు 80 రూపాయలు. 2025–26లో తెలంగాణకు ప్రకటించిన రేటు 307 రూపాయలు.

అయితే ఆ 307 రూపాయలు చేతికి అట్లే రావు. ఎలా వస్తాయో ఒకసారి గుంత దగ్గర నిలబడి చూద్దాం. ఎర్ర మొరం నేల అనుకోండి. పొడవు మీటరు, వెడల్పు మీటరు, లోతు మీటరు, అంటే ఒక ఘనపు మీటరు. ఆ మట్టి ఒకటిన్నర టన్నుకు తగ్గదు. తట్టకు ఇరవై కిలోలు పట్టిందనుకుంటే డెబ్బై అయిదు తట్టలు. గడ్డపారతో ఒకరు పెళ్లగిస్తే, పారతో ఒకరు ఎత్తితే, నెత్తిన పెట్టుకుని గట్టెక్కేది ఇంకొకరు. ఎంత తవ్వారో తరువాత వచ్చినవాడికి తెలియాలని గుంత మధ్యలో ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. దాని తల మీద పాత గడ్డి అట్లే ఉంటుంది. అది పాత నేల మట్టం. టెక్నికల్ అసిస్టెంటు వచ్చి టేపు ఆ దిమ్మెకు ఆనించి లోతు చూస్తాడు. పొడవు, వెడల్పు, లోతు గుణించి పుస్తకంలో రాస్తాడు. వచ్చిన మొత్తాన్ని గ్రూపులో వాళ్లకు పంచుతారు.

"కొలత తక్కువ పడ్డది సారూ, అడుగున బండ తగిలింది" అంటుంది ఒకామె.

"బండకు రేటు వేరమ్మా. బండ అని రాయాలంటే పైనుంచి వచ్చి చూడాలె" అంటాడు ఆయన.

పైనుంచి ఎవరూ రారు. బండ మెత్తటి మట్టి లెక్కలోకి పోతుంది. ఇద్దరూ అబద్ధం ఆడలేదు, కానీ ఆ వారం కూలి 307 కాస్తా రెండు వందల చిల్లరకు దిగింది.

ఇంకో చిక్కు. లెక్క గ్రూపుది కనుక, గ్రూపులో ముసలమ్మ ఉంటే కుర్రవాళ్ల కూలి తగ్గుతుంది. "అత్తా, నువ్వు నీళ్లు పట్టుకురా, పిల్లల్ని చూడు చాలు" అని సర్దుకునే గ్రూపులు ఉన్నాయి. వచ్చే వారం నుంచి వేరే గ్రూపులో చేరమని పొమ్మనలేక పొగబెట్టేవీ ఉన్నాయి. చట్టం అయితే పని చోట నీడ ఉండాలి, మంచినీళ్లు ఉండాలి, పసిపిల్లల్ని చూడటానికి ఒక మనిషి ఉండాలి అంది. నీడ అంటే చాలాచోట్ల తుమ్మచెట్టే.

వెక్కిరించేవాళ్లకు వాటాగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పనుల్లో పనికిరానివి ఉన్నాయి. నీరు చేరని గుట్టపాదాన ఫారం పాండు తవ్వారు. మొదటి వానకే పూడిపోయే కందకాలు తవ్వారు. కొన్నిచోట్ల పని కంటే పని పేరు రాసిన సిమెంటు పలకే ఎక్కువ కాలం మిగిలింది. చట్టం కూలికి 60 శాతం, సామగ్రికి 40 శాతం దాకా అంది. ఆ 40తో వైకుంఠధామాలు, సీసీ రోడ్లు వచ్చాయి. వాటి మీద పేర్లున్నాయి, రంగులున్నాయి. 60తో తీసిన చెరువు పూడిక, పిల్లకాలువల తూటికాడ, వేసిన పొలం గట్లు ఎవరికీ కనిపించవు. కనిపించేవి సిమెంటువి, పంటకు అక్కరకొచ్చేవి మట్టివి. సాగర్ నీళ్లు వదిలే ముందు మేజరు కాలువల కింద పిల్లకాలువల్లో చెత్త తీయకపోతే చివరి భూములకు నీరందదని మీ ఊరి చివరాయకట్టు రైతును అడిగితే చెబుతాడు.

పెద్ద రైతుల ఫిర్యాదు కూడా విన్నాను. ఉపాధి వచ్చాక కూలీలు దొరకడం లేదని. నాట్ల రోజుల్లో బీహారు, బెంగాల్ నుంచి ముఠాలు దిగుతున్న మాట నిజమే. కానీ మన ఆయకట్టులో కరువు పని జరిగేది ఎక్కువగా ఎండాకాలంలో. ఆ నెలల్లో పొలంలో పనే లేదు. కూలి రేటు పెరిగిందనే బాధకు కూలి దొరకడం లేదని పేరు పెట్టుకోవడం మనకు పాత అలవాటు. యంత్రానికి నేను వ్యతిరేకిని కాను. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో జేసీబీ ఒక్క రోజులో తీసినంత పూడిక తట్టలతో తీయాలంటే వారాలు పడుతుంది. ఆ మట్టి పొలాలకు మేలు చేసింది. అయితే చెరువులోంచి మట్టి పోవడం వేరు, ఏప్రిల్లో ఇంట్లోకి బియ్యం రావడం వేరు. జేసీబీ డ్రైవరు ఒక్కడే కదా.

ఇప్పుడు నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఇంకొకటి. లెక్క రాయడం కూలీకి రక్షణ అని ఇంతసేపు చెప్పాను. 2023 జనవరి నుంచి ఆ లెక్క సెల్‌ఫోన్లోకి పోయింది. పని చోట రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. దొంగ మస్టర్లు ఆపడానికే అన్నారు, ఆ ఉద్దేశం తప్పు పట్టలేం. పనికి ఆహారం రోజులు చూసినవాళ్లం. కానీ కృష్ణ ఒడ్డున గుట్టల మధ్య, తండాల దగ్గర సిగ్నలు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. రెండో ఫోటో ఎక్కకపోతే ఆ రోజు హాజరు లేదు. డెబ్బై అయిదు తట్టలు మోసిన మనిషి కాగితంలో ఇంట్లో కూర్చున్నట్టు. 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకే కూలి. జాబ్ కార్డులో లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మి అయితే బ్యాంకు మెట్లు ఎక్కి దిగడమే సరిపోతుంది. ఇలాంటి తేడాలతో దేశమంతటా కార్డులు తీసేశారని పేపర్లలో వచ్చింది. వెట్టి రోజుల్లో పేరు రాయకపోవడం పట్వారీ ఇష్టం. ఇప్పుడు పేరు రాసి కూడా చెల్లకపోవడానికి ఎవరిని పట్టుకోవాలో తెలియదు. ఫోను పట్టుకుని హాజరు తీసే మేట్ కూడా తోటి కూలీయే, ఆమెను తిట్టి లాభం లేదు.

అందుకని వింటున్న కూలీలకు, వాళ్ల ఇళ్లలో చదువుకున్న పిల్లలకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఫోటో ఎక్కని రోజున అక్కడే ఒక తెల్లకాగితం మీద తేదీ, పని పేరు, వచ్చినవాళ్ల పేర్లు రాసి, సంతకాలో వేలిముద్రలో తీసుకుని, పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి. మీ ఊళ్లో సామాజిక తనిఖీ గ్రామసభ పెట్టినప్పుడు పొద్దున్నే పోండి. మస్టరు ఒక్కటే చదివితే ఒప్పుకోవద్దు, కొలతల పుస్తకం కూడా గట్టిగా చదవమనండి. ఏ గుంత, ఎంత పొడవు, ఎంత లోతు, మట్టి అని రాశారా మొరం అని రాశారా, అన్నీ. అనుమానముంటే టేపు తీసుకుని అందరూ కలిసి గుంత దగ్గరికి పోయి మళ్లీ కొలిపించండి. దిమ్మె కూలిపోకముందే పోవాలి, వానలు పడ్డాక ఆ సాక్ష్యం మిగలదు.